ఇన్‌స్టాల్ చేయకముందే చెప్పండి

లినక్స్ డెస్క్‌టాప్ మీద పనిచేస్తున్న డెవలపర్లకు, డిస్ట్రోలను (లినక్స్ రకరకాల కూర్పులను) చూసుకుంటున్న మెయింటెయినర్లకు,

నమస్కారం.

నేను ప్రోగ్రామర్‌ను కాను. విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పదిహేనేళ్లుగా వాడుతున్న మామూలు మనిషిని. ఉత్తరాలు, లెక్కల షీట్లు, ఫొటోలు, వీడియో కాల్స్, ఇంతే నా పని. ఈ పదిహేనేళ్లలో చుట్టాల కంప్యూటర్లు, స్నేహితుల కంప్యూటర్లు కలిపి ఇరవైకి పైగా యంత్రాల్లో లినక్స్ పెట్టి ఇచ్చాను. సగానికి పైగా ఇప్పటికీ దానిమీదే నడుస్తున్నాయి. మిగతావాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్ల గురించే ఈ ఉత్తరం.

వాళ్లలో మా వదిన ఒకరు. ఆవిడ ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే నేనే లినక్స్ పెట్టాను. నాలుగు నెలలు హాయిగా వాడుకుంది. ఒక రోజు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయమన్నారు. చేసింది. అవతలివాళ్లకు నల్లటి తెర తప్ప ఇంకేమీ కనిపించలేదు. కంగారుగా నాకు ఫోన్ చేసింది. లాగౌట్ అయి, పాస్‌వర్డ్ కొట్టే చోట మూలన ఉన్న చక్రం గుర్తు నొక్కి, రెండో సెషన్ (తెరను పాత పద్ధతిలో నడిపేది) ఎంచుకోమని చెప్పాను. పనిచేసింది. ఈలోగా ఇరవై నిమిషాలు పోయాయి. ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ ఎంత టెన్షన్ పడిందో ఫోన్లో గొంతు వింటే తెలిసింది.

మర్నాడు నన్ను ఒకటే అడిగింది. "ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

తెలుసు. యాప్‌లను తెర మీద చూపించే కొత్త వ్యవస్థ పేరు వేలాండ్. దానికి ముందున్న ఎక్స్11 పద్ధతిలో రాసిన కొన్ని యాప్‌లు వేలాండ్‌లో తెరను పట్టుకోలేవని నాకు తెలుసు. చెబితే అసలు ప్రయత్నించదేమోనని చెప్పలేదు. వారం తిరక్కుండా ఆవిడ పాత సిస్టమ్‌కు వెళ్లిపోయింది. సమస్య తీరిపోయాక కూడా వెళ్లిపోయిందంటే, వదులుకున్నది లినక్స్‌ను కాదు, నా మాట మీద నమ్మకాన్ని.

నేను చేసిన తప్పే మీరూ చేస్తున్నారని చెప్పడానికి ఇది రాస్తున్నాను. మీ డౌన్‌లోడ్ పేజీల్లో వేగం ఉంటుంది, భద్రత ఉంటుంది, స్వేచ్ఛ ఉంటుంది. మూత వేస్తే ఈ ల్యాప్‌టాప్ సరిగ్గా నిద్రపోతుందో లేదో ముందు చూసుకోండి అనే మాట మాత్రం ఉండదు. లినక్స్ మీద ఉన్న ప్రేమతోనే మనం దాని లోపాలను దాస్తున్నాం. ఆ దాపరికం వల్లే మనుషులు పోతున్నారు.

ఇప్పుడే ఎందుకు అంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. నిక్షేపంగా పనిచేస్తున్న ఎన్నో యంత్రాలు ఈ గీతకు అవతల మిగిలిపోయాయి. వాటి యజమానులు మన వైపు చూస్తున్నారు. ఇంతమంది ఒకేసారి తలుపు దగ్గరికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

వాళ్లకు చూపించడానికి మన దగ్గర నిజంగా గొప్పవి ఉన్నాయి. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ మీద నుంచే మొత్తం సిస్టమ్‌ను నడిపి చూసుకోవచ్చు, హార్డ్‌డిస్క్‌లో ఒక్క ఫైలూ ముట్టుకోకుండా. వాడటానికి ఎవరి ఖాతా తెరవక్కర్లేదు. ఒక్క అప్‌డేట్ నొక్కితే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దగ్గర నుంచి బొమ్మలు చూసే చిన్న యాప్ దాకా అన్నీ కలిసి కొత్తవైపోతాయి. పని మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవుతానని మొండికేయదు. ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే డ్రైవర్ కోసం వెతికే పనే లేదు, అవి కెర్నల్‌లోనూ, మెసా అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ ముందే ఉంటాయి. ఈ పదేళ్లలో వచ్చిన నెట్‌వర్క్ ప్రింటర్లయితే చాలావరకు డ్రైవర్ అడగకుండానే కాగితం అచ్చేస్తున్నాయి. ఈ చివరిది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకప్పుడు ప్రింటర్ పనిచేయించడానికి ఆదివారమంతా కూర్చునేవాణ్ని.

ఆటల సంగతి చెప్పకపోతే అన్యాయం. 2018లో వాల్వ్ సంస్థ, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ తెచ్చింది. 2022లో లినక్స్‌తోనే నడిచే వాళ్ల చేతి గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్ వచ్చింది. విండోస్ కోసం రాసిన వేలాది ఆటలు ఇవాళ లినక్స్‌లో మామూలుగా ఆడుకోవచ్చు. పదేళ్ల కిందట నేను ఇది నమ్మేవాణ్ని కాదు. వాలొరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి మాత్రం మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్ కారణంగా ఇక్కడ నడవవు. ఆ ఆటల కోసమే కంప్యూటర్ కొనుక్కున్న పిల్లవాడికి ఈ ఒక్క వాక్యం ముందే చెప్పాలి కదా.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టేది ల్యాప్‌టాప్ నిద్ర. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ నేను లినక్స్ పెట్టిచ్చినవాళ్ల నుంచి అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లు వచ్చింది దీని గురించే. రాత్రి మూత వేసి బ్యాగులో పెడతారు, పొద్దున్నే తీస్తే బ్యాటరీ ఖాళీ, ల్యాప్‌టాప్ వేడి. కారణం ఉంది. చాలాకాలం ల్యాప్‌టాప్‌లలో ఎస్3 అనే నిద్ర ఉండేది. ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోయేది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో తయారీ కంపెనీలే దాన్ని తీసేసి, ఫోన్‌లాగా సగం మెలకువగా ఉండే పద్ధతి పెట్టాయి. అది సరిగ్గా జరగాలంటే లోపలి భాగాలన్నీ ఎవరి వంతుకు వాళ్లు నిద్రపోవాలి. ఒక్క డ్రైవర్ మెలకువగా ఉన్నా బ్యాటరీ తెల్లారేసరికి కరిగిపోతుంది. పోనీ హైబర్నేట్ చేద్దామంటే (పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆపేయడం), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నప్పుడు చాలా డిస్ట్రోల్లో కెర్నల్ దాన్ని ఒప్పుకోదు. భద్రత కోసమే అలా చేశారు, కారణం సబబే. కానీ ఆ కారణం తెర మీద ఎక్కడా రాదు. మెనూలో ఆ బటనే ఉండదు. ఉండాల్సింది ఎందుకు లేదో తెలియక మనిషి తనదే పొరపాటేమో అనుకుంటాడు.

ఈ తప్పులో మీ పాలు తక్కువని నాకు తెలుసు. యంత్రం భాగాల లోపల నడిచే ఫర్మ్‌వేర్ రాసింది మీరు కాదు, దాని వివరాలు మీకు ఇవ్వలేదు కూడా. నేను అడుగుతున్నది వేరే. ఆ యంత్రంలో ఏ రకం నిద్ర ఉందో కెర్నల్‌కు తెలుసు. సిస్టమ్‌లో ఒక చిన్న ఫైలులో ఒకే ఒక లైనులో రాసిపెట్టి ఉంటుంది. పెన్‌డ్రైవ్ మీద నుంచి నడుస్తున్నప్పుడే అది చదవొచ్చు. వేలిముద్ర రీడర్‌కు డ్రైవర్ ఉందా లేదా అన్నది దాని యూఎస్‌బీ నంబర్ చూస్తే తెలిసిపోతుంది, ఏయే నంబర్లకు పనిచేస్తుందో ఆ జాబితా మీరే రాసుకున్నారు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉందా, వైఫై చిప్‌కు ఫర్మ్‌వేర్ దొరికిందా, కెమెరా కనిపించిందా, ఇవన్నీ బూట్ అయిన మొదటి నిమిషంలోనే సిస్టమ్‌కు తెలిసిపోతాయి. తెలిసినదాన్ని లాగ్ ఫైళ్లలో రాసుకుని ఊరుకుంటోంది. ఇన్‌స్టాల్ బటన్ పక్కనే మామూలు మాటల్లో చెబితే చాలు. "ఈ ల్యాప్‌టాప్‌లో వేలిముద్ర పనిచేయదు. నిద్రలో బ్యాటరీ ఎక్కువ తగ్గొచ్చు. మిగతావన్నీ బాగున్నాయి. కొనసాగించాలా?" ఇంతే. చదివి చాలామంది కొనసాగిస్తారని నా నమ్మకం. వెనక్కి తగ్గినవాళ్లు కూడా కనీసం మన మీద కోపంతో వెళ్లరు.

మీరు మారలేరని నేను అనుకోవడం లేదు. డెబియన్ అనే డిస్ట్రో సంగతే చూడండి. మూల కోడ్ బయటపెట్టని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టకూడదన్నది వాళ్లు ఎన్నో ఏళ్లు పాటించిన నియమం. దానివల్ల ఎందరికో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైఫై వచ్చేది కాదు. 2022లో ఓటు వేసుకుని మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ లోపలే ఉంటోంది. సూత్రం మీద అంత పట్టుదల ఉన్నవాళ్లే వాడేవాళ్ల ఇబ్బంది చూసి ఒక అడుగు వేశారు. 2019లో ఉబుంటు అనే ఇంకో డిస్ట్రో పాత తరహా 32 బిట్ ప్యాకేజీలు తీసేస్తామని ప్రకటించి, పాత ఆటలు ఆగిపోతాయని అందరూ మొత్తుకుంటే కావలసినవి ఉంచింది. వినే చెవి మీకు ఉంది.

వేలాండ్ గురించి కాస్త వివరంగా రాయాలి. మా వదిన విషయంలో జరిగింది అదే కాబట్టి మాత్రమే కాదు. దానికి ముందున్న ఎక్స్11 పుట్టింది 1987లో. అందులో ఒక యాప్ మిగతా అన్ని యాప్‌ల తెరనూ చూడగలదు, మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ వినగలదు. బ్యాంకు పాస్‌వర్డ్ కూడా. 2008లో మొదలైన వేలాండ్ ఈ తలుపులన్నీ మూసింది. ఎవరి కిటికీ వాళ్లదే. ఇది రావాల్సిన మార్పు, నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రెండు మానిటర్లకు రెండు వేర్వేరు సైజులు పెట్టుకోవడం కూడా దానివల్లే తేలికైంది.

అయితే ఆ మూసిన తలుపుల గుండానే కొందరు మంచివాళ్లు కూడా వస్తూ పోతూ ఉండేవాళ్లు. స్క్రీన్ షేరింగ్ వాటిలో ఒకటి. దానికి తెర దృశ్యాన్ని యాప్‌కు అందించే పైప్‌వైర్ ద్వారా, అనుమతి అడిగే పోర్టల్ ద్వారా కొత్త దారి వేశారు, ఇప్పుడు చాలా యాప్‌లలో బాగానే ఉంది. ఇంగ్లీషు కాని లిపుల్లో టైప్ చేసేవాళ్ల కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ ఇంకొకటి. అది కొన్ని యాప్‌లలో పనిచేస్తుంది, కొన్నింటిలో మాట వినదు, ఎందుకో ఎవరూ చెప్పరు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది చూపు లేనివాళ్లకు తెర చదివి వినిపించే ఓర్కా. కీబోర్డ్‌లో ఏం నొక్కారో యాప్‌తో సంబంధం లేకుండా వినగలిగితేనే అది పనిచేస్తుంది. వేలాండ్ సరిగ్గా ఆ వినడాన్నే ఆపింది.

నాకు తెలిసిన ఒక మాస్టారు ఉన్నారు. చూపు క్రమంగా తగ్గిపోయింది, ఇప్పుడు పూర్తిగా వినే కంప్యూటర్ వాడతారు. నేనే పెట్టిచ్చాను. ఖర్చు లేకుండా స్క్రీన్ రీడర్ సిస్టమ్‌తోనే వచ్చిందని ఎంతో సంతోషపడ్డారు. ఒక పెద్ద అప్‌గ్రేడ్ తరవాత ఆయనకు అలవాటైన షార్ట్‌కట్లు కొన్ని పనిచేయడం మానేశాయి. ఏం మారిందో ఆయన చూడలేరు. ఏం మారిందో సిస్టమ్ చెప్పలేదు. నేను వెళ్లి ఎక్స్11 సెషన్‌కు మార్చేదాకా రెండు రోజులు ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు. మనకు అది ఒక బగ్. ఆయనకు చదువుకునే దారి మూసుకుపోవడం.

తేదీలు ఒకసారి చూడండి. ఫెడోరా అనే డిస్ట్రో 2016లోనే వేలాండ్‌ను గ్నోమ్ డెస్క్‌టాప్‌కు డిఫాల్ట్ చేసింది. స్క్రీన్ రీడర్ షార్ట్‌కట్ల విషయంలో చెప్పుకోదగ్గ మార్పు 2025లో గ్నోమ్ 48తో వచ్చింది. అదే ఏడాది చివర్లో ఉబుంటు 25.10, ఫెడోరా 43 గ్నోమ్‌లో ఎక్స్11 సెషన్‌ను తీసేశాయి. అంటే చూపున్నవాళ్ల సౌకర్యానికీ లేనివాళ్ల సౌకర్యానికీ మధ్య తొమ్మిదేళ్లు నడిచాయి. ఈ రంగంలో జీతం తీసుకుని పనిచేసేవాళ్లు ఎంత తక్కువో నాకు తెలుసు. ఒకప్పుడు సన్ మైక్రోసిస్టమ్స్ ఈ పనికి మనుషుల్ని పెట్టేది. 2010లో అది ఒరాకిల్ చేతికి వెళ్లాక ఆ మనుషులు తగ్గిపోయారు. 2023లో జర్మనీ ప్రభుత్వ నిధి సావరిన్ టెక్ ఫండ్ గ్నోమ్‌కు 10 లక్షల యూరోలు ఇచ్చినప్పుడు అందులో కొంత ఈ పనికి వెళ్లింది, అది మంచిదైంది. మీలో ఎవరి చేతిలో ఖర్చు పెట్టే అధికారం ఉన్నా, మొదటి రూపాయి ఇక్కడ పెట్టమని అడుగుతున్నాను. పాతది తీసేసే ముందు, దాని మీద ఆధారపడినవాళ్లను పిలిచి కొత్తది వాడించి చూడండి.

యాప్‌లు తెచ్చుకునే పద్ధతి గురించి తక్కువలో చెబుతాను, మీకు తెలియనిది కాదు. 2014లో డెబియన్ సమావేశంలో లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా దీని గురించి వాపోయారు. తాను పనిచేసే సబ్‌సర్ఫేస్ అనే డైవింగ్ సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌కూ మ్యాక్‌కూ తయారుచేసి ఇవ్వడం తేలిక, లినక్స్ డిస్ట్రోలన్నిటికీ ఇవ్వడమే కష్టం అన్నారు. లినక్స్ కెర్నల్ సృష్టించిన మనిషి మాట అది. ఆ తరవాత ఒకే ప్యాకేజీని చాలా డిస్ట్రోల్లో నడిపించే ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ వచ్చాయి, అలాంటిదే యాప్‌ఇమేజ్ అంతకుముందు నుంచే ఉంది. రాసేవాళ్లకు కొంత తేలికైంది. వాడేవాళ్లకు మాత్రం స్టోర్‌లో ఒకే యాప్ రెండు మూడుసార్లు కనిపిస్తోంది. ఒకదానికి డాక్యుమెంట్ల ఫోల్డర్ కనిపిస్తుంది, ఇంకోదానికి కనిపించదు. "నా ఫైలు ఎక్కడికి పోయింది?" అన్న ప్రశ్నకు నేను ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు. ఏది పెట్టుకుంటే ఏం చూడగలదో స్టోర్‌లోనే ఒక్క వాక్యంలో చెప్పండి.

విండోస్ కోసం చేసిన కొన్ని వృత్తి సాఫ్ట్‌వేర్‌లు ఇక్కడ లేవు, ఫొటోషాప్ లేదు, లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే కొన్ని డాక్యుమెంట్ల పేజీ అమరిక చెదురుతుంది. ఇది మీ చేతిలో లేనిది. చెప్పడం మాత్రం మీ చేతిలో ఉంది.

ఇంకొక్క సంఘటన రాస్తాను. ఒక స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో వైఫై డ్రైవర్ కెర్నల్‌లో లేదు. విడిగా పెట్టాను. అలాంటి డ్రైవర్‌ను కెర్నల్ మారినప్పుడల్లా మళ్లీ తయారుచేయాలి, సిస్టమే చేసుకుంటుంది. ఒకసారి చేసుకోలేకపోయింది. రీస్టార్ట్ చేస్తే వైఫై లేదు. బాగుచేయాలంటే ఇంటర్నెట్ కావాలి, అదే లేదు. పాత కెర్నల్ అలాగే భద్రంగా డిస్క్ మీద ఉంది. దానితో బూట్ చేస్తే రెండు నిమిషాల్లో పని అయిపోయేది. కానీ పాత కెర్నల్ ఎంచుకునే గ్రబ్ మెనూ కనబడకుండా దాచి ఉంది. బూట్ అవుతున్న ఆ ఒకటి రెండు సెకన్లలో సరైన మీట నొక్కితేనే వస్తుంది. మందు ఇంట్లోనే ఉంది, ఎక్కడ పెట్టారో రోగికి చెప్పలేదు.

ఓపెన్‌సూసే అనే డిస్ట్రో ఈ విషయంలో ఏళ్ల కిందటే దారి చూపించింది. అప్‌డేట్‌కు ముందూ తరవాతా సిస్టమ్ ఉన్న స్థితిని స్నాప్‌షాట్‌గా తీసి, అవసరమైతే బూట్ మెనూలోంచే నిన్నటి సిస్టమ్‌కు వెళ్లనిస్తుంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ ముందటి రూపాన్ని అలాగే ఉంచుతుంది. లినక్స్ మింట్‌లో ఇలాంటి పని చేసే టైమ్‌షిఫ్ట్ ముందే ఉంటుంది, కాకపోతే మనమే ఆన్ చేసుకోవాలి. కొత్తవాళ్లకు ఇవ్వాలనుకునే ప్రతి డిస్ట్రోలోనూ ఇది అడగకుండానే ఆన్‌లో ఉండాలి. వాడేవాళ్లకు ఒక బటన్ చాలు: నిన్నటిలా చేయి.

ఇన్ని ఫిర్యాదులు చేసినా నేను లినక్స్ వదలను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో రహస్య ద్వారం పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రిమోట్ లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ గమనించి, పట్టుబట్టి తవ్వి, బయటపెట్టారు. అందరూ వాడే స్థిరమైన వెర్షన్లలోకి చేరేలోపే ఆగింది. ఆయన అలా తవ్వగలిగింది లోపలి కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టి. ఏం జరిగిందో మరుసటి రోజుకే ప్రపంచమంతా చదివింది. ఎవరూ దాచలేదు. కోడ్ విషయంలో మీకు ఇంత నిజాయితీ ఉంది. అదే నిజాయితీ ఇన్‌స్టాలర్ మొదటి పేజీలో కూడా కనిపించాలని అడుగుతున్నాను.

మా వదిన ల్యాప్‌టాప్ విండోస్ 11కి సరిపోదని తేలింది. పోయిన వారం తానే ఫోన్ చేసి, "మళ్లీ ఒకసారి చూద్దామా? ఈసారి మాత్రం అన్నీ ముందే చెప్పు" అంది. ఆదివారం పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్తున్నాను. ఇన్‌స్టాల్ చేయకుండా ఒక పూట అంతా అలాగే నడిపి, ఏది పనిచేసింది ఏది చేయలేదు అని కాగితం మీద రాసి ఆవిడ చేతికి ఇస్తాను. ఉంచుకోవాలో వద్దో ఆవిడే చెబుతుంది. ఆ కాగితంలో పనిచేయనివాటికి, లాగ్ ఫైళ్లతో సహా, మీకు బగ్ రిపోర్టులు పంపిస్తాను. వాటిని చూడండి.

ఇట్లు,
పదిహేనేళ్లుగా మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న ఒకరు